మెడలోని హయాయిడ్ ఎముక విరిగితే హత్య, విరక్కపోతే ఆత్మహత్య. ఈ లెక్క ఎంతవరకు నిజం?

కోర్టు బీట్ | శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. జిల్లా ఎడిషన్‌లో క్రైమ్, కోర్టు వార్తలు రాస్తుంటాను. మొన్న ఒక అనుమానాస్పద మృతి వార్తలో "పోస్టుమార్టంలో హయాయిడ్ ఎముక విరిగినట్టు తేలడంతో ఇది హత్యేనని స్పష్టమైంది" అని రాశాను. మర్నాడు పొద్దున్నే తెలిసిన ఫోరెన్సిక్ డాక్టరుగారు ఫోన్ చేసి, "ఎవరు చెప్పారయ్యా నీకు?" అంటూ మొదలుపెట్టి పది నిమిషాలు వాయించారు. అడిగితే విసుక్కుంటారేమోనని ఆయన్నే ఇంకా వివరంగా అడగలేకపోయాను.

నా బుర్రలోకి ఈ లెక్క, లైంగిక నేరాల కేసులో జైలుపాలైన అమెరికా ధనవంతుడు జెఫ్రీ ఎప్‌స్టీన్ కేసు నుంచి ఎక్కింది. 2019 ఆగస్టు 10న న్యూయార్క్ జైల్లో చనిపోయాడు కదా. మెడలో హయాయిడ్‌తో పాటు ఇంకో రెండు చోట్ల విరిగిందన్నారు. కుటుంబం తరఫున పోస్టుమార్టం దగ్గరుండి చూసిన మైకేల్ బాడెన్, ఉరి కంటే గొంతు నులిమినదానికే ఇవి దగ్గరగా ఉన్నాయన్నారు. నగర చీఫ్ మెడికల్ ఎగ్జామినర్ బార్బరా శాంప్సన్ మాత్రం ఉరి వేసుకున్న ఆత్మహత్యేనని తేల్చారు. మెడ ఒకటే, పెద్ద డాక్టర్లు ఇద్దరు, మాటలు రెండు.

విరిగితే హత్య అనుకోవడం తప్పా? పోనీ కత్తి పెట్టకముందే సీటీ స్కాన్ తీస్తే ఈ గొడవ తేలిపోతుందా?

మోడరేటర్ | రాత్రి 9:20

మంచి ప్రశ్న. ముందే ఒక మాట. ఫొటోలు వద్దు. ఎలా చేస్తారు, ఎంతసేపు పడుతుంది లాంటి చర్చ వస్తే పోస్టు తీసేస్తాను. ఈ విషయం చదువుతుంటే ఎవరికైనా మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు.

పాత మార్చురీ | రాత్రి 10:41

ఫోరెన్సిక్ మెడిసిన్ పాఠం చెప్పి, చెప్పి రిటైరయ్యాను. ఆ ఫోన్ చేసింది నేను కాదు గానీ, నేనైతే ఇరవై నిమిషాలు వాయించేవాణ్ని.

ముందు ఎముక సంగతి. దవడకి కింద, స్వరపేటికకి పైన గుర్రపు లాడంలా ఉంటుంది హయాయిడ్. మిగతా ఎముకల్లాగా ఇంకో ఎముకతో దీనికి కీలు ఉండదు. కండరాలు, లిగమెంట్లు పట్టుకుంటే ఉయ్యాలలా వేలాడుతుంటుంది. నడుమ ఒక దిమ్మ, రెండు పక్కలా వెనక్కి సాగిన పెద్ద కొమ్ములు. వయసులో ఉన్నవాళ్లకి దిమ్మకీ కొమ్ముకీ మధ్య మృదులాస్థి అతుకు ఉంటుంది కాబట్టి నొక్కితే వంగుతుంది. వయసు మీద పడ్డాక చాలామందిలో ఆ అతుకు గట్టిపడి అంతా ఒకటే ఎముక అయిపోతుంది. పచ్చి కొమ్మకీ ఎండు పుల్లకీ ఉన్న తేడా అన్నమాట. ఇరవై ఏళ్ల మనిషిని గొంతు నులిమి చంపినా ఇది విరక్కపోవచ్చు. అరవై దాటిన మనిషి ఉరి వేసుకున్నా విరగొచ్చు. ఎప్‌స్టీన్‌కి అప్పటికి 66. ఆ కేసులో ఎవరు రైటో నేను చెప్పను, నేను ఆ మెడ చూడలేదు. విరిగిందన్న ఒక్క ముక్క పట్టుకుని అటో ఇటో తేల్చడం కుదరదు, అంతవరకే.

ఇంకో సంగతి. హయాయిడ్ కంటే దాని కిందున్న థైరాయిడ్ కార్టిలేజ్ (స్వరపేటిక మృదులాస్థి) పైకొమ్ములే ఎక్కువగా విరుగుతాయి. పేపర్లవాళ్లకి ఎందుకో ఆ పేరు నచ్చలేదు.

మరి దేన్ని చూసి చెబుతాం? మెడ మీద ముద్ర ఎటు నడిచింది, లోపల ఏ పొరలో రక్తం చిమ్మింది, కనురెప్పల లోపల ఎర్ర చుక్కలున్నాయా, గోళ్ల గీరలున్నాయా, చేతుల మీద పెనుగులాట దెబ్బలున్నాయా, గది ఎలా ఉంది. ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుంటే అప్పుడు ఒక మాట వస్తుంది. ఒక్కోసారి అప్పుడూ రాదు. "చెప్పలేం" అని రాయడానికి మా వాళ్లకి ధైర్యం కావాలి.

స్లైస్ రాణి | శనివారం, తెల్లవారి 5:03

మీకు తెల్లవారుజాము, నాకు ఉదయం. మెల్‌బోర్న్‌లో రేడియాలజీ చేస్తున్నాను. ఇక్కడి విక్టోరియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫోరెన్సిక్ మెడిసిన్ మార్చురీలోనే 2005 నుంచి సీటీ మెషీన్ ఉంది. శవం రాగానే సంచి జిప్పు కూడా తీయకుండా ముందు స్కాన్. ఆ తర్వాతే కోయాలా వద్దా అన్న మాట.

ఈ ఆలోచనకి ఊపు తెచ్చింది మాత్రం స్విట్జర్లాండ్‌లోని బెర్న్. రిచర్డ్ డిర్న్‌హోఫర్, మైకేల్ థాలి బృందం "వర్టాప్సీ" అని పేరు పెట్టింది. ఆటాప్సీ (పోస్టుమార్టం) అన్న మాటలో "ఆటో" అంటే స్వయంగా, అంటే చూసేవాడు తన కళ్లతో చూడటం. చూసేవాణ్ని బట్టి మాట మారకూడదని ఆ "ఆటో" తీసేసి "వర్చువల్" తగిలించారు.

ఇక మెడ. ఒళ్లంతా ఒక చుట్టు స్కాన్ చేసేసి "మెడ బాగానే ఉంది" అని రాస్తే నేను నమ్మను. మెడకి విడిగా, మిల్లీమీటరు లోపు మందం ఉన్న స్లైసులతో (బొమ్మ ముక్కలతో) తీయాలి. హయాయిడ్ కొమ్ము మొన దగ్గర పగులు వెంట్రుకవాసి ఉంటుంది. రెండు మూడు మిల్లీమీటర్ల ముక్కలు తీస్తే రెండు ముక్కల మధ్య జారిపోతుంది. ఆ తర్వాత బొమ్మని కంప్యూటర్లో తిప్పి, హయాయిడ్ ఏ వాలులో ఉందో ఆ వాలులోనే కోసుకుని చూడాలి. అడ్డంగా కోస్తే కొమ్ము సగంలోనే మాయమై విరిగినట్టు కనిపిస్తుంది.

పగులు కానిది పగుల్లా కనిపించడం మా అందరి తలనొప్పి. పాత మార్చురీ సార్ చెప్పిన అతుకు సీటీలో నల్లటి గీతలా ఉంటుంది. కొత్తవాళ్లు చాలామంది దాన్ని పగులు అనేస్తారు. ఇంకొకటి, హయాయిడ్‌కీ థైరాయిడ్ కార్టిలేజ్‌కీ మధ్య లిగమెంట్లో కొందరికి చిన్న గింజ ఉంటుంది. దానికి లాటిన్‌లో గోధుమగింజ పేరే పెట్టారు. మనవాళ్లు పెట్టుంటే బియ్యపు నూక అనేవాళ్లేమో. అది గట్టిపడితే విరిగి పడిన ముక్కలాగే ఉంటుంది. అంచులు నున్నగా గుండ్రంగా ఉంటే పుట్టుకతో వచ్చినది, గరుగ్గా మొన తేలి ఉంటే విరిగినది అని మొదటి అంచనా. పగులు పక్కనే చిన్న గాలి బుడగ ఇరుక్కుని ఉంటే అనుమానం బలపడుతుంది. శవం కుళ్లడం మొదలైతే మాత్రం ఒళ్లంతా గాలే, ఆ గుర్తు ఇక పనికిరాదు.

పాత మార్చురీ | ఉదయం 7:30

@స్లైస్ రాణి ఆటో తీసేశారు సరే తల్లీ, డ్రైవరు కావాలిగా! బొమ్మ చదివేది మళ్లీ మనిషే.

అయినా ఒకటి ఒప్పుకుంటాను. మెడ కోయడంలోనే సగం తప్పులు మేమే పుట్టిస్తాం. తలలో, ఛాతీలో రక్తం పోకముందే మెడ కోస్తే, కత్తి తగిలిన రక్తనాళాల్లోంచి రక్తం కారి అన్నవాహిక వెనక పొరల్లో చేరుతుంది. చూడ్డానికి అచ్చం గొంతు నొక్కిన దెబ్బే. ప్రిన్స్‌లూ, గోర్డన్ అనే ఇద్దరు 1951లోనే దక్షిణాఫ్రికాలో దీన్ని రాసి పెట్టారు, అందుకే వాళ్ల పేరు మీదే చెప్తాం. ముందు తల తెరిచి మెదడు తీయాలి, ఛాతీ ఖాళీ చేయాలి, రక్తం ఓడ్చాక మెడని ఉల్లిపాయ ఒలిచినట్టు పొర పొరా విప్పాలి. క్యూలో ఎనిమిది శవాలు, బయట బంధువుల గొడవ, స్టేషన్ నుంచి ఫోన్లు. ఆ తొందరలో ఎంతమంది అలా విప్పుతారో నన్నడక్కండి.

ఇక హయాయిడ్ బయటికి తీస్తుంటే చేతిలోనే విరగడం కూడా మామూలే.

లా పాయింట్ | ఉదయం 8:15

@పాత మార్చురీ నా క్రాస్ ఎగ్జామినేషన్లో మొదటి ప్రశ్నే అది సార్. "మీరు తీసేటప్పుడు విరగలేదని ఎలా చెప్పగలరు?" ఎంత సీనియర్ డాక్టరైనా ఒక్క క్షణం ఆగుతాడు. పగులు దగ్గర రక్తం చిమ్మిందని రిపోర్టులో రాసుంటే నా ప్రశ్న వీగిపోతుంది. రాయకపోతే నాకు పండగే.

కత్తి పెట్టకముందు తీసిన సీటీ ఫైల్లో ఉంటే నేనా ప్రశ్న అసలు వేయను. కోయకముందే విరిగి ఉందని బొమ్మే చెప్తుంది కదా.

పాత మార్చురీ | ఉదయం 8:22

@లా పాయింట్ అదీ అసలు సంగతి. నా దృష్టిలో స్కాన్‌కున్న అతి పెద్ద విలువ అదే. హత్యా ఆత్మహత్యా అని అది చెప్పదు. కత్తి తగలకముందు మెడ ఎలా ఉందో మాత్రం చెబుతుంది.

సందేహాల పుట్ట | ఉదయం 9:40

స్కాన్‌లో ఏది నల్లదో ఏది తెల్లదో నాకెలాగూ తెలీదు గానీ, ఒక సందేహం. మరి స్కాన్ తీసేస్తే ఇక కోయక్కర్లేదా? మొన్నెక్కడో మన దేశంలో కూడా కోయకుండా పోస్టుమార్టం వచ్చిందని చదివాను.

స్లైస్ రాణి | ఉదయం 10:05

ఢిల్లీ ఎయిమ్స్‌లో 2021 మార్చిలో వర్చువల్ ఆటాప్సీ కేంద్రం ప్రారంభించారు, మీరు చదివింది అదే అయ్యుంటుంది. రోడ్డు ప్రమాదాలు, పై నుంచి పడిన కేసుల్లో చాలా ఉపయోగం. మెడ నొక్కిన అనుమానం ఉంటే మాత్రం కోయకుండా వదిలేయమని నేను చెప్పను.

సీటీ ఎముక బాగా చూస్తుంది. కండరంలో పల్చగా చిమ్మిన రక్తం దానికి సరిగా అందదు. నొక్కిన చోట ఉండేదే ఆ రక్తం. దానికి ఎమ్మారై మేలు. కండరం, కొవ్వు, లింఫు గ్రంథుల దగ్గర రక్తం ఉంటే పట్టిస్తుంది. కాకపోతే శవం ఫ్రీజర్లోంచి వస్తుంది, ఒళ్లు చల్లబడితే ఎమ్మారై బొమ్మలో తెలుపు నలుపుల లెక్కే మారిపోతుంది. బతికున్న పేషెంటు సెట్టింగులతో తీస్తే తప్పుదారి పడతాం. శవం బోర్లా పడి ఉంటే రక్తం కిందికి దిగి మెడ ముందు భాగంలో చేరుతుంది, అదీ దెబ్బలాగే కనిపిస్తుంది.

కంట్లో చుక్కలు, గోరు గీరలు, గోళ్ల కింద చర్మం, ఇవేవీ ఏ స్కానూ చూడదు. టార్చిలైటుతో మనిషే చూడాలి.

హౌస్ సర్జన్ బాధలు | ఉదయం 11:18

మధ్యలో దూరుతున్నా. చనిపోయినవాళ్ల గురించే మాట్లాడుతున్నాం గానీ బతికి క్యాజువాలిటీకి వచ్చేవాళ్లూ ఉంటారు. పోయిన నెల ఒకావిడ గొంతు బొంగురుపోయిందని వచ్చింది. మెడ మీద పైకి ఏమీ లేదు. జలుబు అనుకుని మాత్రలు రాయబోతుంటే సిస్టరమ్మ పక్కకి పిలిచి "డాక్టర్, ఆమె భర్త బయటే ఉన్నాడు, ముందు అతన్ని దూరం పంపించి అడగండి" అంది. అప్పుడు చెప్పింది, భర్త గొంతు నులిమాడని.

మెడకి సీటీ యాంజియో (రక్తనాళాల్ని చూపించే స్కాన్) చేశాం. మెదడుకి వెళ్లే పెద్ద రక్తనాళం లోపలి పొర చిరిగితే పైకి ఏమీ తెలీదు, రోజుల తర్వాత పక్షవాతం రావచ్చు. అదృష్టం, ఆమెకి నాళాలు బాగానే ఉన్నాయి. ఆ రోజు సిస్టరమ్మ లేకపోతే నేను దగ్గు మందు ఇచ్చి పంపేవాణ్ని.

పాత మార్చురీ | ఉదయం 11:31

@హౌస్ సర్జన్ బాధలు ఆ సిస్టర్ కాళ్లకి దండం పెట్టు. గొంతు మారడం, మింగలేకపోవడం, స్పృహ తప్పానని చెప్పడం, మూత్రం పోవడం... ఇవన్నీ కేస్ షీట్లో రాయి. రేపు కోర్టులో ఆ నాలుగు ముక్కలే మాట్లాడతాయి.

గోదారి గట్టు | శనివారం, రాత్రి 11:52

మూడు రోజులుగా ఇక్కడ వేరే పోస్టులు చదువుతున్నాను. ఇది చూశాక అడగకుండా ఉండలేకపోయాను. పేర్లు, ఊరు చెప్పను.

మా పిన్ని కూతురు. 23 ఏళ్లు. పెళ్లయి మూడేళ్లు. పోయిన ఏడాది చనిపోయింది, ఉరి వేసుకుందన్నారు. మాకు అనుమానం ఉంది, ఎందుకనేది ఇక్కడ వద్దు. పోస్టుమార్టం రిపోర్టు మా చేతికి రాలేదు. "హయాయిడ్ విరగలేదు, కాబట్టి గొంతు నులమలేదు, మీరు ఊరికే గొడవ చేస్తున్నారు" అని అవతలివాళ్లు ఊళ్లో చెప్పుకుంటున్నారు. పెద్దమనుషులు కూడా అదే మాట పట్టుకున్నారు. మా బాబాయి ఆ మాట విన్న దగ్గర్నుంచి మాట్లాడటం మానేశాడు.

పైన సార్ రాసిన పచ్చి కొమ్మ, ఎండు పుల్ల మాట చదివి కూర్చుండిపోయాను. దహనం అయిపోయింది. ఇప్పుడు ఏమైనా ఉందా సార్?

పాత మార్చురీ | ఆదివారం, ఉదయం 6:10

అమ్మా, నీ పోస్టు రాత్రే చూశాను. తొందరపడి రాయకూడదని ఆగాను.

ముందు ఒక్కటి నిక్కచ్చిగా చెప్తాను. 23 ఏళ్ల అమ్మాయికి హయాయిడ్ విరగలేదంటే, దాన్ని బట్టి నులమలేదని చెప్పడం తప్పు. అలాగే, విరగలేదు కాబట్టి నులిమారని కూడా కాదు. ఆ ఎముక ఈ వయసులో ఏ పక్షానా సాక్ష్యం చెప్పదు. మీ బాబాయితో ఈ మాట నా మాటగా చెప్పు.

రిపోర్టు చేతికొచ్చాక హయాయిడ్ లైను దగ్గర ఆగిపోవద్దు. మెడని పొరలుగా విప్పినట్టు రాశారా, లేక "మెడలోని భాగాలు మామూలుగా ఉన్నాయి" అని ఒక్క ముక్కలో తేల్చారా? ముద్ర ఎంత పొడవు, ఎంత వెడల్పు, చెవి నుంచి గడ్డం నుంచి ఎంత దూరం, కొలతలున్నాయా? కనురెప్పలు తిప్పి చూశారా? ముద్ర దగ్గరి చర్మం, కండరం ముక్క తీసి పరీక్షకి పంపారా? ఫొటోలు, వీడియో ఉన్నాయా? చిన్న ఆసుపత్రుల నుంచి హయాయిడ్‌ని పాడవకుండా ఫార్మలిన్ డబ్బాలో పెట్టి మెడికల్ కాలేజీకి పంపేవారు. కానిస్టేబుల్ దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చేవాడు, మా అటెండరు టీ ఇచ్చి పంపేవాడు. పంపి ఉంటే ఆ అభిప్రాయం కూడా వేరే కాగితంగా ఉంటుంది. అదీ అడగండి.

స్లైస్ రాణి | ఉదయం 6:48

@గోదారి గట్టు మీరు అడగలేదు గానీ చెప్తున్నాను. ఇక్కడైతే ఆ స్కాన్ సర్వర్లో ఉండేది. దహనం తర్వాత కూడా ఆ మెడని ఇంకో డాక్టరు ఇంకో దేశంలో కూర్చుని మళ్లీ తిప్పి చూసేవాడు. అనుమానం ఉన్న స్వరపేటికని బయటికి తీసి మైక్రో సీటీలో పెట్టే పద్ధతి కూడా ఉంది. ఇంగ్లండ్‌లో వార్విక్ యూనివర్సిటీ వాళ్లు వెస్ట్ మిడ్‌లాండ్స్ పోలీసులతో కలిసి చేస్తున్నారు. మామూలు సీటీకి అందని సన్న పగుళ్లు అందులో దొరుకుతాయి.

కానీ మిమ్మల్ని మభ్యపెట్టను. 23 ఏళ్ల అమ్మాయికి కార్టిలేజ్ ఇంకా పూర్తిగా ఎముకగా మారదు. సీటీలో అది కండరంతో కలిసిపోయి కనిపిస్తుంది. స్కాన్ ఉన్నా "ఏమీ కనిపించలేదు" అనే వచ్చేదేమో. అప్పుడు కూడా అవతలివాళ్లు ఆ కాగితమే పట్టుకు తిరిగేవారు.

లా పాయింట్ | ఉదయం 9:05

అక్కా, నేను వరంగల్‌లో ప్రాక్టీస్ చేస్తాను. డాక్టర్లు ఎముక దగ్గర ఆగారు, చట్టం అక్కడ ఆగదు.

పెళ్లయిన ఏడేళ్లలోపు మామూలుగా కాని మరణం అయితే, చనిపోవడానికి కాస్త ముందు భర్త గానీ అతని బంధువులు గానీ కట్నం కోసం వేధించారని చూపగలిగితే, అది వరకట్న మరణం. భారతీయ న్యాయ సంహిత 80వ సెక్షన్, పాత ఐపీసీ 304బి. ఆ సెక్షన్‌కి ఉరా, నులమడమా అన్నది తేలనక్కర్లేదు. ఆ అమ్మాయి తనే ఉరి వేసుకున్నా వర్తిస్తుంది. పైగా వేధింపు చూపించాక, ఆ వరకట్న మరణానికి వాళ్లే కారణమని అనుకునే కోర్టు మొదలుపెడుతుంది. కాదని చూపించుకోవాల్సింది వాళ్లు. అది భారతీయ సాక్ష్య అధినియంలో 118వ సెక్షన్. హయాయిడ్ విరగలేదని ఊళ్లో చెప్పుకుంటే ఈ కేసు పోదు. మెసేజులు, బ్యాంకు లెక్కలు, పుట్టింటికి ఏడుస్తూ చేసిన కాల్స్, ఇవి పోకుండా చూసుకోండి.

ఏడేళ్లలోపు మరణం కాబట్టి పోలీసు పంచనామాతో సరిపోదు, మెజిస్ట్రేటు విచారణ కూడా జరగాలి. మన దగ్గర ఎక్కువగా తహసీల్దారు చేస్తారు. అప్పుడు మీ పిన్ని, బాబాయి ఏం చెప్పారో ఆ కాగితాల్లో ఉంటుంది. వాటి కాపీ, పోస్టుమార్టం రిపోర్టు కాపీ మెజిస్ట్రేటు కోర్టులో అప్లికేషన్ పెట్టి తీసుకోండి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో మీకు చెప్పాల్సిన బాధ్యత పోలీసుది, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 193లో ఉంది. చెప్పారా?

రిపోర్టు చేతికొచ్చాక అందులో లోపాలుంటే, అప్పుడు సీనియర్ డాక్టర్ల ప్యానెల్ అభిప్రాయం అడగొచ్చు. ఫొటోలుంటే వాటి మీదే చెప్తారు.

గోదారి గట్టు | ఉదయం 9:47

90 రోజుల సంగతి మాకెవరూ చెప్పలేదు. తహసీల్దారు గారు వచ్చారు, పిన్నిని అడిగారు. పిన్ని అప్పుడు ఏడుస్తూనే ఉంది, ఏం చెప్పిందో తనకే గుర్తులేదట.

కోర్టు బీట్ | ఉదయం 10:20

ఈ థ్రెడ్ మొదలుపెట్టినప్పుడు నేను అడిగింది నా వార్త గురించి. "విరిగింది కాబట్టి హత్య" అని నాలాంటివాళ్లు పదేపదే రాస్తే, "విరగలేదు కాబట్టి ఏమీ జరగలేదు" అనే మాట ఊళ్లోకి దానంతటదే వెళ్లిపోతుందని తట్టలేదు. గోదారి గట్టు గారూ, మీ ఊరివాళ్లు ఆ మాట ఎక్కడ చదివారో తెలీదు గానీ, నేను రాసినలాంటి వార్తలోనే అయ్యుంటుంది.

మా డెస్క్‌లో ఇవాళే చెప్పాను. ఇక నుంచి హయాయిడ్ గురించి రాస్తే చనిపోయినవారి వయసు కూడా పక్కనే రాయాలని.

సందేహాల పుట్ట | ఉదయం 10:44

రేపు ఎప్పుడైనా మన కోర్టులో స్కాన్ సీడీ పెడితే చెల్లుతుందా? ఎడిటింగ్ చేశారంటే?

లా పాయింట్ | ఉదయం 11:02

ఎలక్ట్రానిక్ రికార్డు కదా, సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి. ఫైలు హాష్ విలువ (ఆ ఫైలుని బట్టి కంప్యూటర్ లెక్కగట్టే గుర్తు) కూడా అందులో రాయాలి. ఒక్క చుక్క మారినా ఆ విలువ మారుతుంది. సర్టిఫికెట్ మర్చిపోతే మాత్రం ఎంత మంచి స్కానైనా నాలాంటివాడు బయట పడేయిస్తాడు.

పాత మార్చురీ | ఉదయం 11:15

నీలాంటివాళ్ల కోసమే మేం రాత్రుళ్లు శవాన్ని ట్రాలీ మీద అవతలి బ్లాకుకి తోసుకెళ్లి ఎక్స్‌రే తీయించేవాళ్లం. పేషెంట్లు చూస్తే భయపడతారని పది దాటాక. వానొస్తే ట్రాలీ మీద గొడుగు పట్టుకుని అటెండరు నడిచేవాడు. అదీ మా ఇమేజింగ్.

గోదారి గట్టు | సోమవారం, సాయంత్రం 5:36

కాపీల కోసం ఇవాళ అప్లికేషన్ పెట్టాం. బాబాయి కూడా వచ్చాడు. దారిలో పాత మార్చురీ సార్ పోస్టు ప్రింటు తీసి ఇచ్చాను, రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏమీ అనలేదు.

గురువారం రమ్మన్నారు. రిపోర్టులో మెడ గురించి ఏం రాసుందో, పేర్లు తీసేసి ఇక్కడ టైపు చేస్తాను.

పాత మార్చురీ | సాయంత్రం 5:50

చెయ్యమ్మా. కొలతలు ఉన్నవి ఉన్నట్టు రాయి, నీకు అర్థం కాకపోయినా సరే.